విన్నానని చెప్పిందెవరు

మా ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఆమె మాట అందాలంటే మనమే ఒక అడుగు దగ్గరికి జరగాలి. అలాంటి మనిషిని ఆఫీసులో అందరూ కేకలక్క అంటారు. ఆ పేరు రావడానికి కారణం నేనే, అందుకని ఎవరినీ ఏమీ అనలేక ఊరుకున్నాను.

మేమిద్దరం పనిచేసే కంపెనీ ఊరంతా కోల్డ్‌రూములు నడుపుతుంది. మందులవాళ్లు, పూలవాళ్లు, ఐస్‌క్రీం వాళ్లు వాటిని అద్దెకు తీసుకుంటారు. నేను కూలింగ్ మెకానిక్‌ని. ఆమె మొదట్లో కంప్లయింట్ల ఫోను దగ్గర కూర్చునేది. "ఫలానా గది వేడెక్కిందట, వెళ్లండి" అని నాకు చెప్పేది. పెళ్లికి ముందు మేం చెప్పుకున్న కబుర్లన్నీ కంప్రెసర్ల గురించే. లోకంలో జంటలు పూలిచ్చుకుంటాయట. కుళ్లిన పూలగదిలో ఇద్దరం ముక్కులు మూసుకుని నిలబడ్డవాళ్లం, మాకు ఆ ముచ్చట పుట్టలేదు.

ఆమెను ఒకటే తొలిచేసేది. గది వేడెక్కిందని తెలియాలంటే ఎవరో ఒకరు తలుపు తీసి చూడాలి. చూసేసరికి సరుకు పోయేది. ఐస్‌క్రీం పోతే నాలుగు తిట్లు తింటాం, అయిపోతుంది. ఇన్సులిన్ అలా కాదు. వేడికి పాడైపోయినా సీసా చూడటానికి నిక్షేపంలా ఉంటుంది. అది ఎక్కించుకున్న రోగికి గాని తేడా తెలియదు. ఈ సంగతి ఆమె చెప్పినప్పుడు నేను బల్ల మీద కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాను. కాళ్లు కింద పెట్టాను.

ఆమె పోరు పడలేక యజమాని ఒక కాంట్రాక్టరును పిలిపించి, ప్రతి గది గోడకీ ఒక చిన్న పెట్టె బిగించాడు. గదిలో చలి ఎంత ఉందో పెట్టె నిమిషానికోసారి ఆఫీసులో మెషిన్‌కి చెప్పాలి. ఆ మాటలు వినడానికి కాంట్రాక్టరు రాసిన సర్వర్‌కి మర్యాదలెక్కువ. ప్రతి పెట్టెతోనూ ముందు కనెక్షన్ కలుపుకోవాలి, కలిశాక గాని మాట ఉండదు. ఏ లైనో తెగి ఒక పెట్టె మాట మధ్యలో ఆపేస్తే, సర్వర్ దాని కోసం నోరు తెరుచుకుని కూర్చునేది. వెనక మిగతా గదులన్నీ పడిగాపులు పడేవి. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేశాడు. అప్పుడు మా ఆవిడ డిప్లొమాలో నేర్చుకున్న సీ అనే కంప్యూటర్ భాషను మళ్లీ తవ్వి తీసింది.

"అసలు కనెక్షనే వద్దు," అంది ఒకరోజు భోజనాల దగ్గర. "పెట్టె చెప్పాల్సింది ఒక్క ముక్క. చెప్పేసి తన పని తాను చూసుకోవాలి. సర్వర్ ఆ ముక్క అందుకుని, ఎవరు పంపారో చూసుకుని, వాళ్లకి 'విన్నాను' అని జవాబివ్వాలి. అంతే. ఒకరి కోసం ఇంకొకరు ఆగక్కర్లేదు."

"దారిలో పోతేనో?"

"జవాబు రాకపోతే పెట్టె మళ్లీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే గోడ మీద ఎర్రదీపం వెలిగిస్తుంది. వస్తే పచ్చదీపం."

ఆ ముక్కల్ని డేటాగ్రాములంటారట. నాకు నోరు తిరగలేదు. "అంటే వీధిలోంచి కేకేసి పోవడమన్నమాట," అన్నాను. ఆ కేకల మాట నేను మర్నాడు ఆఫీసులో వాగాను, అదే ఆమెకు పేరై కూర్చుంది.

ఆ సర్వర్ చూడటానికి ఏమంత పెద్దది కాదు. ఒక సాకెట్, అంటే కేకలు వినే చెవి, తెరుస్తుంది. దాన్ని బైండ్ చేస్తుంది, అంటే మెషిన్‌కి ఫలానా నంబరు గుమ్మంలో నేను కూర్చున్నానని చెప్పుకుంటుంది. ఆ గుమ్మం నంబరునే పోర్ట్ అంటారు. ఇక ఆ తర్వాత చేసేదంతా ఒకటే పని. కేక అందుకోవడం, ఏ గదిదో చూడటం, వేడి హద్దు దాటితే ఆ గదివాళ్ల ఫోనూ నా ఫోనూ మోగించడం, 'విన్నాను' అని జవాబు పంపడం, మళ్లీ మొదటికి రావడం. నాకు సీ భాష రాదు. కానీ ఏళ్ల తరబడి కంచం ముందు ఇదే వింటే మీకైనా వస్తుంది.

ఆమె జాగ్రత్తలు చూస్తే ఒక్కోసారి నాకు ఒళ్లు మండేది. కేక అందుకునే చోటును కావలసిన దానికంటే ఒక్క అక్షరం ఎక్కువ పెడుతుంది. ఎందుకంటే, చోటు చాలకపోతే మిగిలింది మెషిన్ చడీచప్పుడు లేకుండా పారేస్తుందట. ఆ అదనపు అక్షరం కూడా నిండిందంటే ఏదో తెగిపోయిందని లెక్క, ఆ కేకను నమ్మదు. ఏ గదైనా పది నిమిషాలు నోరు విప్పకపోతే మోగడానికి ఇంకో గంట పెట్టింది, దానికి మౌనం గంట అని పేరు. రిపేర్లప్పుడు మాత్రం దాన్ని ఆపుకోవచ్చు.

అన్నిటికంటే ఆమెకు ఇష్టమైన పద్ధతి ఇంకొకటుంది. మామూలుగా ఒక గుమ్మంలో ఒక ప్రోగ్రామే కూర్చోవాలి, రెండోదాన్ని మెషిన్ రానివ్వదు. అలాగైతే సర్వర్‌లో ఏదైనా మార్చినప్పుడు పాతది లేచి కొత్తది కూర్చునే సందులో కొన్ని కేకలు పోతాయి. ఆ కాసేపట్లో ఏ గది గొంతు చించుకుంటుందో ఏం తెలుసు అనేది. అందుకని గుమ్మం పంచుకోనిచ్చే ఒక ఆప్షన్ పెట్టింది. పాతది కూర్చునుండగానే కొత్తది వచ్చి కూర్చుంటుంది. మా మెషిన్‌లో కేకలన్నీ ఆఖరున వచ్చినదానికే అందుతాయి. అది సరిగ్గా వింటోందని రూఢి చేసుకున్నాక పాతదాన్ని ఆపేస్తుంది. ఇన్నేళ్లలో అలా ఎన్నిసార్లు మార్చిందో, ఒక్క కేక పోలేదు. ఈ పద్ధతి ఆమెకు తెలుసు. ఆమె నేర్పింది కాబట్టి మా మరదలికి తెలుసు. నేను వినడమే గాని, అది చేయడం మూడో మనిషికి రాదు.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. వాళ్లమ్మ పోయేనాటికి బడిలో చదువుతోంది. మా ఇంటికే తెచ్చుకున్నాం. సైకిల్ నేర్పింది నేను, పళ్లు తోమలేదని తిట్టింది నేను, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి అక్క కళ్లపడకుండా దాచింది కూడా నేనే. మాకు పిల్లలు లేరు, ఆ లోటు ఆ పిల్ల తెలియనివ్వలేదు. కంప్యూటర్ల డిగ్రీ చేసింది. మా ఆవిడే యజమానితో మాట్లాడి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది.

పని నేర్పడం అంతా మా వంటింట్లో జరిగింది. మరదలు రాసిన మొదటి సర్వర్ నాకింకా గుర్తుంది. మధ్యాహ్నమంతా కూర్చున్నా దానికి ఒక్క కేక కూడా రాలేదు. "మరదలా, నీ ఇంటికి చుట్టాలెవరూ రారేంటే?" అని నేను ఏడిపించాను. మా ఆవిడ తెర వైపు ఒకసారి చూసి, పోర్ట్ నంబరును నెట్‌వర్క్‌కి అర్థమయ్యే వరసలోకి తిప్పడం మరిచిపోయిందని పట్టేసింది. అందువల్ల అది వేరే గుమ్మంలో కూర్చుందట. "నువ్వు నోరుముయ్యి బావా, నీకు గ్యాసు నింపడం తప్ప ఏం తెలుసు," అని మరదలు నా మీద గరిటె విసిరింది. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ వంటింట్లో, ఆ బల్ల దగ్గర, తనకు తెలిసినదంతా ఆమె చెల్లెలికి పెట్టేసింది. ఏదీ దాచుకోలేదు.

ఇక జరిగింది చెబుతాను.

ఒక సోమవారం పొద్దున మందుల గిడ్డంగి ఆయన నాకు ఫోన్ చేశాడు. "త్వరగా రావయ్యా, గది వేడిగా ఉంది," అన్నాడు. నేను వెళ్లేసరికి ఆయన తలుపు దగ్గర అట్టపెట్టెల మధ్య నిలబడి ఉన్నాడు. లోపల వేసవి గాలి. కంప్రెసర్‌కి కరెంటు అందించే కాంటాక్టర్ అనే స్విచ్చు మాడిపోయింది. ఆదివారం మధ్యాహ్నం ఎప్పుడో పోయుంటుంది, అప్పుడు గిడ్డంగిలో ఎవరూ ఉండరు. గదినిండా ఇన్సులిన్, పసిపిల్లల టీకాలు.

"నాకు ఫోన్ రాలేదు. మీ మెషిన్ పడుకుందా?" అన్నాడు.

నాకూ రాలేదు. నేను గోడ వైపు చూశాను. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. పచ్చదీపమంటే పెట్టె కేకేసింది, అవతల 'విన్నాను' అన్నారు అని అర్థం. విన్నదైతే ఫోన్ ఎందుకు మోగలేదు?

వెంటనే మా ఆవిడకు చెప్పాను. అప్పటికి ఆమె ఆఫీసు మెట్లెక్కుతోంది. "ముందు మిగతా గదులకు మనుషుల్ని పంపి కళ్లారా చూడమనండి," అంది. నేను కాంటాక్టర్ మార్చి కంప్రెసర్ తిప్పాను. గది మళ్లీ చల్లబడాలంటే చాలాసేపు పడుతుంది. మందులాయన నా పక్కన వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట. "ఆ అమ్మాయిని నమ్మి నేను రాత్రిళ్లు నిద్రపోయానయ్యా."

మేం వెళ్లేసరికి యజమాని ఆమె కుర్చీ వెనక నిలబడి నిప్పులు చెరుగుతున్నాడు.

"నీ సర్వర్ చెవిటిదైతే మాకు ముందే చెప్పాలి కదా. కొత్త సిస్టమ్ పెడదామంటే వద్దు వద్దని అడ్డుపడ్డావు. ఇప్పుడేమంటావ్? ఈ పెద్దమనిషికి ఏం సమాధానం చెబుతావ్? పిల్లల టీకాలమ్మా అవి."

ఆమె వెనక్కి తిరగలేదు. తెర మీదే కళ్లు పెట్టి ఏవో టైపు చేస్తోంది. నేను పక్కకు వెళ్లి వంగాను. నా చెవికి మాత్రమే అందేలా చెప్పింది. సర్వర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆదివారం పొద్దుటి నుంచి దానికి ఒక్క కేక కూడా అందలేదు, ఏ గది నుంచీ. అది ఎవరికీ జవాబివ్వలేదు. కానీ లైను మీద చూస్తే కేకలు ఈ మెషిన్‌కి వస్తూనే ఉన్నాయి. ఈ మెషిన్ నుంచే 'విన్నాను' అన్న జవాబులు పోతూనే ఉన్నాయి.

"మరి ఎవరంటున్నారు ఆ మాట?" అన్నాను.

ఆమె ఇంకో లైను టైపు చేసింది. గుమ్మంలో ఎవరెవరు కూర్చున్నారో మెషిన్ చూపించింది. ఇద్దరున్నారు. ఒకటి ఆమెది. రెండోది ఆదివారం పొద్దున వచ్చింది, అప్పటినుంచీ అన్నీ అదే వింటోంది, జవాబులూ అదే ఇస్తోంది. అది ఎవరి లాగిన్ కింద నడుస్తోందో పక్కనే రాసుంది. మౌనం గంటను ఆపేసింది కూడా ఆ లాగినే. ఆ పేరు మరదలికి మేము పెట్టుకున్న ముద్దుపేరు. చిన్నప్పుడు దాని కంచం మీద రాయించిన పేరు.

మా ఆవిడ చెయ్యి కీబోర్డు మీద అలాగే ఆగిపోయింది. పొరపాటు అయుంటుంది, టెస్ట్ చేస్తూ మరిచిపోయుంటుంది, పిల్ల కదా అని నాలో నేనే వంద సాకులు వెతుక్కున్నాను. సరిగ్గా అప్పుడే మరదలు లోపలికొచ్చింది. భుజాన సంచీ, చేతిలో ఫోను. గదిలో ఇంతమందిని చూసి ఆగింది.

"ఏమైంది?" అంది.

"మందులగది పోయింది," అంది మా ఆవిడ. ఈసారి కుర్చీ తిప్పి, చెల్లెలి మొహంలోకి చూసింది. "నిన్న మెషిన్ మీద ఏమైనా నడిపావా?"

ఎంత మెత్తగా అడిగిందో నాకు తెలుసు. తప్పు చేసిన పిల్ల ఒప్పుకోవడానికి తలుపు బార్లా తీసి పెట్టింది. అవునక్కా అని ఒక్క మాట అంటే చాలు, నెత్తిన పడ్డది తానే మోసేది. ఆ పిల్ల కోసం ఆమె ఎప్పుడూ చేసింది అదే.

మరదలు యజమాని వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు.

"లేదక్కా," అంది మరదలు. "నేను నిన్న మెషిన్ ముట్టుకోలేదు. అయినా సర్వర్ నీది. ఎందుకు ఆగిందో నాకేం తెలుసు?"

నీళ్లు నమలలేదు, తడబడలేదు. అంత తేలిగ్గా అనేసింది. ఆ క్షణంలో దాన్ని చెంపదెబ్బ కొట్టాలనిపించింది, దాచడానికేముంది. తెర మీద దాని పేరు వెలుగుతోంది, దాని అక్క వీపు దానికి అడ్డంగా ఉంది, అందుకే దానికి కనబడలేదు.

మా ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగి ఆ రెండో ప్రోగ్రామును ఆపేసింది.

అంతే, గుమ్మంలో ఆమె సర్వర్ ఒక్కటే మిగిలింది. మందులగది ఇంకా వేడిగానే ఉంది కదా, గోడ మీది పెట్టె మళ్లీ కేకేసింది. అది ఈసారి అందాల్సిన వాళ్లకే అందింది. ముందు మందులాయన చేతిలో ఫోను మోగింది, వెంటనే నా జేబులోదీ మోగింది. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని విన్నాడు. మీ గదిలో వేడి హద్దు దాటింది అని చెప్పే ఆ రికార్డు గొంతు మా అందరికీ వినబడింది.

"ఇప్పుడు మోగిందేంటమ్మా?" అన్నాడాయన. "ఇప్పుడేం చేశావ్?"

"నా సర్వర్ చెవిటిది కాదండీ. నిన్న పొద్దున్నుంచి దాని ముందు ఇంకో ప్రోగ్రాం కూర్చుంది," అంది. "మీ గది చెప్పినవన్నీ అదే తీసుకుంది. 'విన్నాను' అని అదే చెప్పింది. దానికి ఫోన్లు మోగించడం రాదు. రాసుకోవడమే వచ్చు."

"ఎవరిదది?"

మరదలు నెమ్మదిగా రెండడుగులు ముందుకేసి తెర చూసింది. అప్పటికీ నోరు విప్పలేదు. ఇంకా అక్క కాచుకుంటుందనే అనుకుంది, నాకు ఆ చూపు తెలుసు.

"మా చెల్లెలిది," అంది మా ఆవిడ.

ఆ మాట పడ్డాకే మరదలు నోరు తెరిచింది, అదీ యజమాని వైపు తిరిగి. "సార్, మీరే కదా రాయమన్నారు. కొత్త సిస్టమ్ పెట్టే కంపెనీ వాళ్లకి అన్ని గదుల లెక్కలూ కావాలి, అక్కకు తెలియకుండా పట్టుకొచ్చి ఇవ్వమన్నారు. సిస్టమ్ మారాక నన్నే హెడ్ చేస్తానన్నారు."

"నేనా? నేనెప్పుడన్నాను?" అన్నాడాయన. ఒక్క రెప్ప కూడా వాల్చలేదు. "నాకు ఈ సాకెట్లూ పోర్టులూ ఏం తెలుసమ్మా? ఇవన్నీ మీ ఇంటి గొడవలు. ఆఫీసులోకి తేకండి."

ఇందాక మా ఆవిడ మీద అరిచినప్పుడే ఈ మనిషికి అంతా తెలుసు. తెలిసే ఆమెను బలి పెట్టాడు. ఆ పిల్లను వాడుకున్నాడు, అవసరం తీరగానే చేతులు దులిపేసుకున్నాడు. నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఏమన్నానో ఇక్కడ రాయను. మందులాయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు. వెళ్తూ యజమానితో, "ఈవిడ ఉంటేనే నేను ఇక్కడ ఉంటాను," అన్నాడు. పాడైపోయిన మందుల మాట మాత్రం ఆయన మనసులోంచి పోలేదు. ఆ సాయంత్రం గుమాస్తాలతో పాటు తానూ కూర్చుని ఒక్కో పెట్టె విప్పి, ఏదీ బయటికి పోకుండా దగ్గరుండి పారబోయించాడు.

మధ్యాహ్నానికల్లా యజమాని మరదల్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. మా ఆవిడతో మాత్రం తేనె పూసిన మాటలు మొదలుపెట్టాడు. నేనైతే తాళాలు మొహాన కొట్టి వచ్చేసేవాణ్ణి, ఆమెతో అదే అన్నాను. "గదులేం చేశాయండీ?" అంది. ఆ సాయంత్రమే గుమ్మం పంచుకునే ఆ ఆప్షన్ తీసేసింది. ఇక సర్వర్ మార్చిన ప్రతిసారీ కొన్ని కేకలు పోతాయి. పోతాయని తెలిసే తీసేసింది. ఆ లైను తుడిపేటప్పుడు ఆమె పెదవి కొరుక్కోవడం చూశాను.

మరదలు మామూలు వేళకే ఇంటికొచ్చింది. మేడ మీద గది దానిదే, ఎక్కడికి పోతుంది? మా ఆవిడ ముగ్గురికీ కంచాలు పెట్టింది. ఎవరం ముద్ద ఎత్తలేదు.

"అక్కా, తిట్టు," అంది మరదలు. "కొట్టినా పడతాను."

"ఎందుకు చేశావో చెప్పు."

"నేను ఎంత చదివినా అక్కడ నేను కేకలక్క చెల్లెల్నే. ఏం చేసినా అక్క నేర్పిందంటారు. ఒక్కసారైనా నాదంటూ ఒకటి ఉండాలనుకున్నాను. గది పోతుందని కలగన్నానా?"

"గది పోతుందని నీకు తెలియదు. నిజమే," అంది మా ఆవిడ. "పొద్దున అడిగానే, అప్పటికి తెలుసు. అందరి ముందూ నా మొహం చూసి లేదన్నావు. నేను పోయినా ఫరవాలేదనుకున్నావు కదే."

మరదలు తల దించుకుంది.

"నిన్ను ఇంట్లోంచి పొమ్మనను," అంది మా ఆవిడ. కంచం తీసుకుని లేచింది. గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. అలా ఉండబట్టే నాకు భయమేసింది. అరిచి గోల చేసుంటే రెండు రోజుల్లో చల్లారిపోయేది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులాగే నడిచింది. వేళకు భోజనం, వేళకు దీపాలు. మరదలికి జ్వరమొస్తే మా ఆవిడే పక్కన కూర్చుంది. చలికాలం వస్తే దుప్పటి కొనుక్కొచ్చింది. కానీ భోజనాల దగ్గర సాకెట్ల మాట ఆగిపోయింది. మరదలు లేనప్పుడు నాతో చెబుతుంది, అది మెట్లు దిగుతున్న చప్పుడైతే కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. ఏళ్లుగా ఆ మాటలు విని విని విసుక్కున్నవాణ్ణి, ఇప్పుడు అవి లేక నాకు ముద్ద దిగదు.

కొన్నాళ్లకు మరదలికి ఇంకోచోట ఉద్యోగం దొరికింది. లారీలు ఎక్కడున్నాయో చెప్పే సర్వర్ అట, అదీ కేకలతోనే. ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చేతుల్లో పట్టుకుని, వెనకటిలాగే వంటింట్లోకి వచ్చింది. మా ఆవిడ స్టవ్ దగ్గర ఉంది. నేను కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"అక్కా, ఇది ఒకసారి చూడవా?" అంది. "కేకలొస్తున్నాయి. జవాబులు మాత్రం వాళ్లకి చేరట్లేదు. రెండు రోజుల్నుంచి తల పట్టుకుని కూర్చున్నా."

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి తెర వైపు చూసింది. ఇన్నేళ్ల కాపురం, ఆ మొహం నాకు తెలియనిది కాదు. ఆ ఒక్క చూపులోనే తప్పు ఎక్కడుందో పట్టేసింది. చెయ్యి కూడా కాస్త లేచింది, వేలు పెట్టి ఆ లైను చూపించడానికి. మళ్లీ ఆ చేతిని దించుకుని చీర చెంగుకు తుడుచుకుంది.

"నెట్‌లో ఉంటుంది, చూసుకో," అంది.

మరదలు ల్యాప్‌టాప్ మూసి, మెట్ల వైపు వెళ్లింది. ఉద్యోగం పోయిన రోజు ఆ పిల్ల కళ్లలో తడి చూడలేదు నేను. ఇప్పుడు సగం మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడవడం మాకు వినబడుతోంది. మా ఆవిడ స్టవ్ ఆపేసింది. మొహం గోడ వైపు తిప్పుకుని నిలబడింది. ఆమె భుజాలు కూడా కదులుతున్నాయి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక నేను కత్తిపీట ముందే ఉండిపోయాను.

"మీరు వెళ్లండి దాని దగ్గరికి," అంది ఆమె, అటు తిరిగే. "నా వల్ల కావట్లేదు."